చూపు ముందు, బంతి తరువాత
ఆటస్థలంలో చరిత్ర – 9వ భాగం
(గత సంచిక తరువాయి)

గత భాగంలో అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసిరే పాస్ ఎలా పుట్టిందో చూశాం. ఆ ఆట విద్యార్థుల ప్రాణాలు తీస్తోందని 1905లో అమెరికా అంతటా గగ్గోలు పుట్టింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి ఆటను చక్కదిద్దుకోమన్నాడు. మరుసటి ఏడు నిబంధనలు మారాయి. 1906 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ నిబంధనలకు లోబడిన తొలి పాస్ విసిరాడు. 1913 నవంబరు 1న నోటర్‌డామ్ జట్టు అదే పాస్‌ను ప్రధానాయుధంగా చేసుకుని సైనిక అకాడమీ జట్టును 35-13తో ఓడించాక దాని బలాన్ని శంకించేవారు లేకపోయారు. అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఒక పాస్ మంచిదా, చెడ్డదా అని దేన్ని చూసి తేల్చాలి? అది గమ్యం చేరిందా లేదా అన్నదాన్ని బట్టా, లేక బంతి చేతిని వదలకముందు ఆటగాడి తలలో జరిగిన ఆలోచనను బట్టా? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన గట్టి జవాబు అమెరికా మైదానాల్లో కంటే ముందే హైదరాబాద్ మైదానాల్లో దొరికింది. ఆ జవాబు ఇచ్చిన మనిషి ఒక బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం.

ముందుగా, పాస్ విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ పని ఏమిటో స్పష్టంగా చూడాలి. పామర్రు, గుడివాడ, ఉయ్యూరు ప్రాంతాల ఇళ్లలో చాలామంది పిల్లలు ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డారు కాబట్టి అమెరికన్ ఫుట్‌బాల్ పేరు మన డెల్టాకు కొత్త కాదు. దాని లోపలి లెక్క మాత్రం చాలామందికి తెలియదు. పక్షానికి పదకొండు మంది. మైదానం నూరు గజాలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరగకపోతే బంతి ఎదుటివారికి పోతుంది. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అప్పటి నుంచి అతనికి ఉండే సమయం సాధారణంగా రెండు మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో అతని మీదికి భారీకాయులు దూసుకువస్తుంటారు. ముందుగా అనుకున్న దారుల్లో నలుగురైదుగురు సహచరులు పరుగెడుతుంటారు. మొదటివాడికి దారి ఉందా, లేకపోతే రెండోవాడికి, వాడికీ లేకపోతే మూడోవాడికి అని వరుసగా చూసుకుంటూ పోవాలి. ఎవరికీ లేకపోతే బంతిని గీత బయటకు విసిరేసి నష్టం తగ్గించుకోవడం కూడా మంచి నిర్ణయమే. ఇంత పని రెండు సెకన్లలో జరగదు. ఎక్కువ భాగం అంతకుముందే జరిగిపోయి ఉంటుంది. బంతి కదలకముందే ఎదుటి రక్షకులు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముందుకు వంగారు, ఎవరు వెనక్కి జరిగారు అన్నది చూసి, ఆ అమరికలో ఖాళీ ఎక్కడ పుడుతుందో అతను అంచనా కట్టుకుంటాడు. ఆ తరువాతి రెండు సెకన్లు ఆ అంచనాను సరిచూసుకోవడానికే.

అందుకే క్వార్టర్‌బ్యాక్‌ను ఫలితం చూసి తూచడం తరచుగా తప్పు తీర్పుకు దారి తీస్తుంది. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2015 ఫిబ్రవరి 1న జరిగిన సూపర్ బౌల్. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 28-24 ఆధిక్యంలో ఉంది. సియాటిల్ సీహాక్స్ జట్టు గోల్ గీతకు ఒక్క గజం దూరంలో, 26 సెకన్లు మిగిలి ఉండగా, రెండో ప్రయత్నానికి దిగింది. మార్షాన్ లించ్ లాంటి బలశాలి చేతికి బంతినిచ్చి తోసుకువెళ్లమనకుండా, కోచ్ పీట్ కారల్ పాస్ వేయించాడు. రసెల్ విల్సన్ విసిరిన ఆ బంతిని పేట్రియట్స్ ఆటగాడు మాల్కం బట్లర్ మధ్యలో అందుకున్నాడు. ఆట ముగిసింది. ఇంతకంటే మూర్ఖపు నిర్ణయం లేదని మర్నాడు అమెరికా అంతా అంది. కానీ లెక్క వేసి చూడండి. సీహాక్స్‌కు ఆట ఆపించుకునే అవకాశం ఒక్కటే మిగిలింది. పరుగు విఫలమైతే గడియారం నడుస్తూనే ఉంటుంది, పాస్ నేల మీద పడితే గడియారం ఆగుతుంది. మిగిలిన మూడు ప్రయత్నాలూ వాడుకోవాలంటే వాటిలో కనీసం ఒకటి పాస్ అయి తీరాలి. ఫలితం ఘోరంగా వచ్చింది, నిజమే. నిర్ణయం మాత్రం సమర్థించదగ్గదే. అసలు పాఠం బట్లర్ దగ్గర ఉంది. పేట్రియట్స్ జట్టు సాధనలో ఆ ఎత్తునే ప్రత్యేకంగా ఆడి చూసింది. అప్పుడు బట్లర్ దెబ్బతిన్నాడు. ఫైనల్లో ఎదుటి ఆటగాళ్లు నిలబడిన తీరు చూడగానే ఏం రాబోతోందో గుర్తుపట్టి, బంతి చేతిని వదిలేలోపే పరుగు మొదలెట్టాడు. ఆ క్షణంలో గెలిచింది అతని కాళ్ల వేగం ఒక్కటే అనుకోలేం. సాధన అతనికిచ్చిన ముందుచూపు కూడా గెలిచింది.

ఈ సంగతి కృష్ణా డెల్టా రైతుకు చెప్పనక్కర్లేకుండానే తెలుసు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పామర్రు అవతలి శివారు భూములకు చేరడానికి సమయం పడుతుంది. ఏ మడి ఎండుతోందో చూశాక తూము ఎత్తితే నారు దక్కదు. ఏ కాలువకు ఎప్పుడు నీరు కావాలో ముందే తెలిసి, వంతు ముందే నిర్ణయమై, లస్కరు సరైన వేళకు తలుపు ఎత్తితేనే శివారు తడుస్తుంది. పాస్‌లో కూడా బంతి చేరవలసింది మనిషి ఇప్పుడు ఉన్న చోటికి కాదు, బంతి వెళ్లేసరికి అతను ఉండబోయే చోటికి. కాబట్టి పాస్ నాణ్యతను నిర్ణయించేది బంతి రాకముందటి చూపు. ఆ చూపు కొందరికి పుట్టుకతో వచ్చే వరమని మనం అనుకుంటాం. నేను ఇక్కడ నిలబెట్టదలచుకున్న వాదం దానికి భిన్నమైనది. ఆ చూపును నేర్పవచ్చు, సాధన నియమాలతో తయారుచేయవచ్చు. దానికి మన నేల మీద రుజువు ఉంది.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1963లో కన్ను మూసేవరకూ ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, ఆ తరువాత భారత జట్టుకు కోచ్‌గా ఆయన సాధించిన విజయాలు ప్రసిద్ధమే. వాటికి ముందు, వాటి అడుగున, హైదరాబాద్ కుర్రాళ్ల కోసం ఆయన పెట్టిన పోటీలు ఉన్నాయి. వాటి గురించి తక్కువమంది మాట్లాడతారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. కాలికి అందిన బంతిని తన దగ్గర తిప్పుకుంటూ ముందుకు తీసుకుపోకూడదు, ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకొక పోటీలో బలమైన కాలు వాడకూడదు. కుడికాలివాటం ఆటగాడు ఎడమకాలితోనే ఆడాలి. పైకి చూస్తే ఇవి పిల్లల వినోదానికి పెట్టిన వింత నియమాల్లా కనబడతాయి. నిజానికి ఒక్కో నియమం ఆటగాడి ఆలోచనా క్రమాన్ని మార్చడానికి పెట్టిన కొలత.

డ్రిబ్లింగ్ నిషేధం ఏం చేస్తుందో విడదీసి చూద్దాం. బంతిని తన దగ్గర అట్టేపెట్టుకునే వీలున్న ఆటగాడు ముందు బంతిని అందుకుంటాడు, తరువాత తల ఎత్తుతాడు, ఆపైన ఎవరికివ్వాలో వెతుకుతాడు. ఆ వెతుకులాటలో గడిచే రెండు మూడు క్షణాల్లో ఎదుటి రక్షణ సర్దుకుంటుంది. ఆ వెసులుబాటు తీసేస్తే ఈ క్రమం తలకిందులు కావాల్సిందే. బంతి తన వైపు వస్తుండగానే తల ఎత్తి చూడాలి, ఎవరు ఖాళీగా ఉన్నారో గుర్తించాలి, బంతి తాకిన వెంటనే దారి మళ్లించాలి. అంటే నిర్ణయం ముందుకు జరిగి బంతి వెనక్కి వెళుతుంది. ఇందులో ఇంకో గుణం ఉంది. బంతి ఉన్నవాడు దాన్ని వెంటనే వదిలేయాలి కాబట్టి, మిగతా పదిమంది నిలబడి చోద్యం చూస్తే ఆట సాగదు. వాళ్లు ఖాళీలోకి కదులుతూ ఉండాలి. పాస్ ఇచ్చేవాడి చూపుతో పాటు పాస్ తీసుకునేవాడి కదలికనూ ఒకే నియమం నేర్పింది. బలహీన కాలి పోటీ ఇంకో తలుపు తెరిచింది. ఒకే కాలు పనిచేసే ఆటగాడికి మైదానంలో సగం దారులు మూసుకుపోయినట్టే. ఎడమ వైపు సహచరుడు ఖాళీగా ఉన్నా, ఒళ్లు తిప్పుకుని కుడికాలికి బంతిని తెచ్చుకునేలోపు ఆ ఖాళీ పోతుంది. రెండు కాళ్లూ పనిచేస్తే ఎంచుకోవడానికి దారులు పెరుగుతాయి. నిర్ణయం బాగుండాలంటే ముందు ఎంపికలు ఉండాలి కదా. ఒక నియమం చూపును పెంచింది, రెండోది ఎంపికను పెంచింది. ఇది క్రీడాశిక్షణ అనుకుంటాం కానీ, అచ్చంగా ఉపాధ్యాయుడి బుద్ధి. ఉపన్యాసంతో రానిది అభ్యాసంలో ఒక చిన్న అడ్డంకి పెడితే వస్తుందని బడిలో ఏళ్ల తరబడి గమనించినవాడికే ఇది తడుతుంది.

ఫలితాలు వెంటనే కనబడ్డాయి. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్‌ను శాసిస్తుండగా, దక్కన్ నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు ఐదేళ్లు ఎవరికీ తలవంచకపోవడం మాటలు కాదు. 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ మొదలైన పేర్లు ఆ దశాబ్దంలో హైదరాబాద్ నుంచి భారత జట్టులోకి నడిచాయి. రహీంకు ముందే సిటీ పోలీసు జట్టుకు గట్టి పునాది ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. పునాది మీద ఐదంతస్తులు లేవడానికి మాత్రం ఇంకేదో కావాలి. ఒక్క ఏడాది గెలుపును అదృష్టం అనవచ్చు. ఆటగాళ్లు మారుతున్నా గెలుపు మారకపోతే కారణాన్ని పద్ధతిలోనే వెతకాలి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో చిత్తయింది. అప్పుడూ కోచ్ రహీంగారే. పద్ధతి అంత గొప్పదైతే ఆ రోజు ఏమైంది? ఈ ప్రశ్నను దాటవేస్తే వాదం నిలవదు. ఆ మ్యాచ్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు, అక్కడి చలి మనకు కొత్త. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తరువాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే యుగోస్లావియా సెమీఫైనల్లో ఎదురైంది. విరామం వరకు ఇరుపక్షాలకూ గోల్ లేదు. రెండో సగంలో నెవిల్ డిసౌజా గోల్‌తో భారతే ముందంజ వేసింది. ఆ తరువాత నాలుగు గోల్స్ సమర్పించుకుని 1-4తో ఓడింది. 10-1 నుంచి 4-1కి తగ్గిందని సంబరపడి, ఇదిగో రుజువు అనేయడం తేలిక. కానీ నేను ఆ పని చేయను. 1952 నాటి యుగోస్లావియా జట్టు, 1956లో వచ్చిన జట్టు కంటే చాలా బలమైనది. రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టి కొలవడం, విల్సన్ పాస్‌ను ఫలితంతో కొలిచినట్టే అవుతుంది. మెల్‌బోర్న్‌లో చూడవలసింది ఇంకొకటి. క్వార్టర్‌ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. డిసౌజా మూడు గోల్స్ చేశాడు. శరీర దారుఢ్యంలో, ఎత్తులో తమను మించినవారి మీద, పరాయి మైదానంలో, మనవాళ్లు నాలుగు గోల్స్ చేయగలిగారు. ఒంటి బలంతో అది సాధ్యం కాదు. ఢీకొనే అవసరం రాకముందే బంతిని వదిలేసే అలవాటుతోనే సాధ్యం. ఆ ఏడు భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో భారత్ తొలి దశ దాటలేదు. అయినా ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీకి 1-2తో గట్టి పోటీ ఇచ్చింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది. ఓటమి పట్టికలో కూడా ఆట తీరు చదవవచ్చని ఇవి చెబుతాయి.

పద్ధతికి అసలైన పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడల్లో వచ్చింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురైంది మళ్లీ దక్షిణ కొరియానే. తైవాన్, ఇజ్రాయెల్ జట్లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ బహిరంగంగా తప్పుపట్టడంతో జకార్తాలో భారత్ మీద ఆగ్రహం పెల్లుబికింది. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తిస్తుండగా ఫైనల్ జరిగింది. ఈ హోరు నా వాదానికి చాలా ముఖ్యం. ఆటలో ఆటగాళ్లు ఒకరినొకరు కేకేసుకుంటారు. ఇటు ఇవ్వు, వెనక మనిషి ఉన్నాడు, వదిలెయ్ అని అరుచుకుంటారు. లక్షమంది గొంతుల మధ్య ఆ కేకలు వినబడవు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరాయి స్టేడియానికి వెళ్లిన క్వార్టర్‌బ్యాక్‌కు ఇదే సమస్య. అందుకే ఆ జట్లు శబ్దం లేని సంకేతాలను ముందే సాధన చేసి వెళతాయి. అక్కడికక్కడ మాటతో కుదుర్చుకునే జట్టు హోరులో చెదిరిపోతుంది. ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పకుండానే తెలిసిన జట్టు నిలబడుతుంది. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, మరి కాసేపటికే జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. ఆట చివరి దశలో కొరియా ఒక గోల్ చేసినా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

ఆ ఫైనల్లో జర్నైల్ సింగ్ గోల్ చేయడం వెనుక రహీం తీసుకున్న నిర్ణయం ఒకటుంది. జర్నైల్ ఆసియాలో పేరుమోసిన డిఫెండర్. అంతకుముందు థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటివాడిని సెమీఫైనల్లో, ఫైనల్లో వెనక్కి కాకుండా ముందుకు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. రెండు మ్యాచుల్లోనూ అతను గోల్ చేశాడు. దీన్ని కోచ్ మేధకు రుజువుగా చెప్పేవారున్నారు. నేను పీట్ కారల్‌కు పెట్టిన కొలబద్దే రహీంగారికీ పెట్టాలి. జర్నైల్ గోల్ చేయకపోయి ఉంటే ఆ నిర్ణయం తప్పయ్యేదా? కాదనే నా జవాబు. దానికి కారణాలు ఫలితంలో లేవు, నిర్ణయానికి ముందే ఉన్నాయి. జర్నైల్ లోగడ ఫార్వర్డ్‌గా ఆడినవాడు. అతని ఒడ్డూపొడుగూ ఎదుటి రక్షకులను తన వైపు లాగుతాయి. అప్పుడు అటూ ఇటూ చునీ గోస్వామి, బలరాం, బెనర్జీలకు ఖాళీ దొరుకుతుంది. వెనుక అరుణ్ ఘోష్ వంటి నమ్మదగిన డిఫెండర్ ఉన్నాడు. తొలి మ్యాచ్‌లో మనల్ని చదివేసిన కొరియాకు, ఫైనల్లో కొత్త అమరిక చదువుకునే సమయం దొరకదు. గోల్ పడినా పడకపోయినా ఇవి మంచి కారణాలే. జట్టులో ఒకరి స్థానం మారితే మిగతా పదిమంది చూపు కూడా మారాలి. రోజులకు రోజులు సాధన చేయకుండా ఆ మార్పును ఇముడ్చుకోగలిగారంటే, వాళ్లకు అబ్బింది కంఠస్థం చేసిన కదలికలు కావు, ఖాళీని చదివే అలవాటు.

బెనర్జీ, గోస్వామి, బలరాం ముగ్గురూ ఒకే కాలంలో దొరకడం అరుదైన అదృష్టం, కోచ్ ఎవరైనా ఆ జట్టు గెలిచేది అని మరొక ఆక్షేపణ. ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రతిభ ఒక్కటే సరిపోతుందంటే, 1952లో ఏం లోటు? 1951లో ఢిల్లీ తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై గోల్ చేసి స్వర్ణం తెచ్చిన మేవాలాల్, అహ్మద్ ఖాన్, శైలేన్ మన్నా వంటివారు హెల్సింకి జట్టులో ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. బలరాం లాంటి కుర్రవాడు మొదటి రోజు నుంచే బలరాం కాదు. ప్రతిభ ముందు ఉండి శిక్షణ తరువాత వచ్చి చేరిందని విడదీయడమే పొరపాటు. హైదరాబాద్‌లో ఆ తరం పెరిగిన మైదానాల నియమాలే వాళ్ల ప్రతిభకు రూపం ఇచ్చాయి.

రెండు ఆటలూ వేర్వేరు కదా, పోలిక కుదురుతుందా అని ఇంకొకరు అడగవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆగి ఆగి సాగుతుంది. ప్రతి ప్రయత్నానికి ముందు ప్రణాళిక చెప్పుకుంటారు, ఒక్కడి చేతిలోనే ప్రధాన నిర్ణయం ఉంటుంది. మన ఫుట్‌బాల్ ఆగదు, పదకొండు మందీ క్షణక్షణం నిర్ణయిస్తూ ఉండాలి. ఈ తేడా నిజమే. అయితే అది నా వాదాన్ని బలపరిచే తేడా. ఆగి ఆలోచించుకునే వీలున్న ఆటలోనే ముందుచూపు అంత అవసరమైతే, ఆగని ఆటలో ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. అక్కడ ఒక్క క్వార్టర్‌బ్యాక్‌కు నేర్పే విద్యను రహీం జట్టంతటికీ నేర్పవలసి వచ్చింది. అమెరికాలో 1970లో సిన్సినాటి జట్టులో సహాయ కోచ్‌గా ఉన్న బిల్ వాల్ష్, దూరపు విసురుకు తగినంత బలం లేని వర్జిల్ కార్టర్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం పొట్టి పాస్‌ల పద్ధతి అల్లాడు. సహచరుడు మలుపు తిరగకముందే, అతను తిరగబోయే చోటికి బంతి బయలుదేరాలి. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో జో మోంటానాతో అదే పద్ధతి మీద వాల్ష్ మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. ఒంటి బలం తక్కువైన చోట ముందుచూపుతో దాన్ని భర్తీ చేయడం అనే సూత్రానికి వాల్ష్ కంటే ఇరవై ఏళ్ల ముందే రహీం చేరుకున్నారు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసి ఉండాల్సిన పనిలేదు. ఒకే సమస్య, ఒకే తర్కం.

చివరి ఆక్షేపణ అన్నిటికంటే బాధాకరమైనది. నేర్పగలిగిన విద్యే అయితే అది ఎందుకు మిగల్లేదు? జకార్తా విజయానికి ఏడాది కూడా తిరక్కముందే, 1963 జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అవి ఆ చేతి పంట చివరి కోతలని చెప్పాలి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం రాలేదు, 1960 తరువాత ఒలింపిక్స్‌కు అర్హతే దొరకలేదు. మనిషితోనే పోయింది కాబట్టి అది విద్య కాదు, మహిమ అని కొందరు తేల్చేస్తారు. ఇక్కడే వాల్ష్ కథ మనకు అక్కరకొస్తుంది. వాల్ష్ పద్ధతి అతనితో పోలేదు. ప్రతి ఎత్తుకూ పేరు పెట్టి, పుస్తకంలోకి ఎక్కించి, ఫిల్ములు చూపిస్తూ నేర్పారు. అతని దగ్గర సహాయకులుగా పనిచేసిన జార్జ్ సీఫర్ట్, మైక్ హోమ్‌గ్రెన్ ఆ పద్ధతితోనే తామూ ఛాంపియన్ జట్లను నడిపించారు. రహీం శిష్యుల్లోనూ బెనర్జీ, నయీముద్దీన్, రహీంగారి కుమారుడు ఎస్.ఎస్.హకీం కోచ్‌లయ్యారు, గురువు విద్యను చేతనైనంత మోశారు. కానీ పిల్లల స్థాయిలో ఆ పోటీలు ఏటా జరిగేలా, ఊరూరి వ్యాయామ ఉపాధ్యాయుడికి ఆ పద్ధతి చేరేలా చూసే వ్యవస్థ నిలబడలేదు. అక్కడ దాచుకున్నారు కాబట్టి మిగిలింది, ఇక్కడ దాచుకోలేదు కాబట్టి పోయింది. పోగొట్టుకున్న దాన్ని మహిమ అనడం మన బాధ్యతను దులిపేసుకోవడమే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా రహీం పేరును కొత్త తరానికి చేర్చింది, మంచిదే. ఆయన పట్టుదల అందరికీ తెలిసింది. ఇక తెలియవలసింది ఆయన పద్ధతి.

ఆ పద్ధతిని తిరిగి తెచ్చుకోవడానికి కోట్లు అక్కర్లేదు. రహీం పెట్టిన పోటీలకు కావలసినవి ఒక బంతి, ఒక మైదానం, నియమాన్ని గట్టిగా అమలు చేసే ఒక పంతులు. విజయవాడ నుంచి బందరు దాకా, పామర్రు నుంచి గుడివాడ దాకా, కృష్ణా డెల్టా ఉన్నత పాఠశాలల్లో ఈ మూడూ ఉన్నచోట్లు తక్కువేమీ కావు. వారానికి ఒక రోజు డ్రిబ్లింగ్ లేని ఆట, ఒక రోజు బలహీన కాలి ఆట ఆడించవచ్చు. ఆట అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి, గోల్ ఎవరు చేశారని కాకుండా, ఆ బంతి నీ దగ్గరికి రాకముందు నువ్వు ఎవరిని చూశావు అని అడగవచ్చు. తప్పిపోయిన మంచి పాస్‌ను మెచ్చుకుని, అదృష్టవశాత్తూ చేరిన చెడ్డ పాస్‌ను తప్పుపట్టే ధైర్యం ఆ పంతులికి ఉండాలి. అది రాకపోతే పిల్లలు ఫలితానికి భయపడి బంతిని అట్టేపెట్టుకోవడమే నేర్చుకుంటారు. రహీం కార్యదర్శిగా, కోచ్‌గా సాధించినవన్నీ చరిత్రకు చెందుతాయి. ఉపాధ్యాయుడిగా కనిపెట్టింది మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది, దాన్ని వాడుకోకపోవడానికి మనకు సాకు లేదు.

(వచ్చే సంచికలో: వట్టి కాళ్ల నుంచి బూట్లకు – భారత ఫుట్‌బాల్‌ను మార్చిన ఒక నిబంధన కథ)